గీత దాటని జున్నుపాలు

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు కుప్పం పిలిపించి నాచేత కుర్ర డాక్టర్లకు పాఠం చెప్పిస్తుంటారు. పాఠం అయిపోయి టీ తాగేటప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడమ్, మీకు భయం వేసేది కాదా?" వేసేది. ఇప్పటికీ తలుచుకుంటే వేస్తుంది. నేను మొదటినుంచీ పిరికిదాన్నే. మదనపల్లెలో మా వీధి మలుపులో కుక్క పడుకుని ఉంటే చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని. అలాంటి మనిషిని, పోయి పోయి, ఏ తిండి ప్రాణం మీదికి తెస్తుందో ఆ తిండినే పసిపిల్లల నోట్లో పెట్టే ఉద్యోగంలో చేరాను.

వైద్యం చదువుకున్నవాళ్ళకు కొత్త కాదు గానీ, తక్కినవాళ్ళ కోసం చెప్తాను. కొందరు పిల్లలకు పాలో గుడ్డో చెనక్కాయలో పడవు. పడకపోవడమంటే కడుపులో నొప్పి కాదు. ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, గొంతు లోపల వాచి ఊపిరి ఆడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దీనికి మా దగ్గర ఉన్న వైద్యం ఒక్కటే, ఆ తిండి జోలికి పోవద్దని చెప్పడం. తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. పడని తిండినే చుక్కకంటే తక్కువగా మొదలుపెట్టి, రోజూ ఇస్తూ, నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. మన పల్లెల్లో, మన ఇళ్ళల్లో ఈ పద్ధతిని ప్రమాదం లేకుండా ఎలా నడపాలన్నదే మా పరిశోధన. కుప్పంలో మా విభాగం ఉండేది, వారానికొకసారి మదనపల్లెలో పిల్లల్ని చూసేవాళ్ళం.

కాగితం మీద ఈ వైద్యం చాలా ముచ్చటగా ఉంటుంది. మోతాదు పెంచిన రోజు ఆ పిల్ల పక్కన కూర్చుని చూడండి, అప్పుడు తెలుస్తుంది. బిడ్డ దగ్గితే మన గుండె ఆగుతుంది. ముక్కు గోక్కుంటే లేచి నిలబడతాం. నా పక్కన ఒక సీనియర్ నర్సు ఉండేది. మదనపల్లెలో పట్టు వ్యాపారం చేసే సాయిబుల ఇంటి ఆడబిడ్డ. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. నా ముఖం చూసి, "డాక్టరమ్మా, మీరు అట్ల సూస్తా ఉంటే తల్లి సచ్చిపోయేట్టుండాది. పోయి కిటికీలోంచి బయట సూడండి, పాపను నేను సూసుకుంటా," అని తరిమేది. కిటికీ దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూస్తూ ఉండేదాన్ని.

ఇప్పుడు చెప్పే పాపది పుంగనూరు దగ్గర ఒక పల్లె. మా దగ్గరికి వచ్చేనాటికి ఇంకా బడి ఈడు రాలేదు. తండ్రి టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలే వ్యాను నడుపుతాడు. తల్లి వి.కోట దగ్గరి పిల్ల, మాట తక్కువ. ఇంటికి పెద్దదిక్కు పాప తాత. భుజం మీద గొర్రెబొచ్చు కంబళి లేకుండా నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆయనకు లోకంలో రెండే గొప్పలు, ఒకటి మనవరాలు, రెండోది గుమ్మం ముందు కట్టేసిన పుంగనూరు ఆవు. ఆవు ఆయన నడుము దాకా వస్తుందేమో. దాని పాలు మందు కింద పనికొస్తాయని పక్క ఊళ్ళవాళ్ళు కూడా చెంబు పట్టుకుని వచ్చేవాళ్ళట.

ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు ఆవుపాలు పడవు. తల్లిపాలు చాలక ఉగ్గుగిన్నెతో పట్టిన మొదటిరోజే మొహమంతా వాచిపోయింది. తర్వాత ఒకసారి పెళ్ళి భోజనంలో పాయసం వడ్డించిన గరిటెతోనే అన్నం వడ్డిస్తే, ఆ కాస్తకే ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తారు. అప్పుడే మా దగ్గరికి పంపించారు.

మొదటిరోజు తాత నాతో వాదనకు దిగాడు. "సీమావుల పాలు పడవంటే నమ్ముతానమ్మా. పుంగనూరు ఆవు పాలు పడకుండా పోయేది యాడైనా ఉండాదా?"

"పెద్దాయనా, ఆవు పొట్టిదైతే పాలల్లో ఉండే సరుకు మారదు. ఏ ఆవు పాలైనా ఈ పాపకు ఒకటే," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. పట్నంలో చదివినందువల్ల ఇలా అయిపోయిందని అనుకున్నట్టున్నాడు. లేచి బయటికి పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. అసలు విషయాలన్నీ తల్లికి ఆ తర్వాత చెప్పాను, ఆయన వినలేదు.

ఆ అసలు విషయాలు ఇవి. పాలు ప్యాకెట్‌వే వాడాలి, అదీ మేము చెప్పిన రకమే, ఎందుకంటే అవి ఈ రోజూ రేపూ ఒకేలా ఉంటాయి. సూది లేని సిరంజిలో గీత వరకు తీసి, తిండి తిన్నాక తాగించాలి. ఆ గీతను మేమే కుప్పంలో పిలిపించి పెంచుతాం, ఇంట్లో ఎవరూ పెంచకూడదు. జ్వరం వస్తే ఆపాలి. ఎప్పుడైనా తేడా చేస్తే తొడకు వెయ్యడానికి ప్రాణం నిలిపే మందు నింపిన సూది ఒకటి ఇంట్లో ఉండాలి. పెన్నులా నొక్కితే చాలు పనిచేసే సూదులు విదేశాల్లో ఉంటాయి, మాకు దొరికేవి కావు. మేమే సిరంజిలో నింపి, వెలుతురు తగలకుండా చుట్టి ఇచ్చి, వచ్చినప్పుడల్లా పాతది తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్ళం.

సూది వెయ్యడం తల్లులకు నేర్పేది సిస్టరమ్మ. పుస్తకాల్లో కమలాపండు మీద నేర్పమని ఉంటుంది. టమోటాలకు పేరుబడ్డ మదనపల్లెలో కమలాపండు కొనేవాణ్ణి చూసి నవ్వుతారు, అందుకని మేము టమోటాల మీద నేర్పేవాళ్ళం. ఈ పాప తల్లి మొదట్లో కళ్ళు మూసుకుని పొడిచేది. "కండ్లు తెరువమ్మా. టమోటా ఏమీ అనుకోదు," అని సిస్టరమ్మ కోప్పడేది. పిల్ల పక్కన నిలబడి పగలబడి నవ్వేది. పోయేటప్పుడు ఆ పొడిచిన టమోటాలన్నీ ఒళ్ళో వేసుకుని పోయేది.

వైద్యం బాగానే సాగింది. చుక్కలో ఎన్నో వంతో నుంచి మొదలై, నీళ్ళు కలపని పాల దాకా వచ్చింది. సిరంజి మీద గీత పైకి పోతూ ఉంది. పాప ఎప్పుడైనా పెదవి దురదగా ఉందనేది, అంతకు మించి ఏమీ కాలేదు. నేను కూడా కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడగలుగుతున్నాను.

మాకు తెలియకుండా ఇంకొకటి జరుగుతూ ఉంది. వాకిట్లో పుంగనూరు ఆవును పెట్టుకుని తాత రోజూ అంగడికి పోయి ప్యాకెట్ పాలు తెచ్చేవాడు. ఊళ్ళో దీన్ని చూసి ఊరుకుంటారా? "ఏమప్పా, ఆవు వట్టిపోయిందా? ప్యాకెట్ మోస్తాండావే," అని బస్సు దిగినవాడు, ఎక్కేవాడు అందరూ అడిగేవాళ్ళట. ఆయన ప్యాకెట్టును కంబళిలో చుట్టుకుని తేవడం మొదలుపెట్టాడు. తల్లి ఈ సంగతి చాలా రోజుల తర్వాత నవ్వుతూ చెప్పింది, అప్పటికి నవ్వగలిగాం కాబట్టి.

ఆ రోజు మదనపల్లెలో పిల్లల్ని చూస్తున్నాను. పొద్దున పూట. టమోటా ధర బాగున్న రోజులు, మార్కెట్టుకు వెళ్ళే లారీలతో రోడ్డంతా నిండిపోయి, హారన్ల మోతకు పిల్లల గుండె చప్పుడు కూడా సరిగా వినపడటం లేదు. సిస్టరమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. ఆమె ముఖం చూడగానే నా చేతిలోని స్టెతస్కోపు పక్కన పెట్టేశాను.

"అమ్మా, పాప దగ్గుతాండాది," అంది తల్లి. గొంతు లేదు, ఊపిరే వినిపిస్తోంది. "తోటలో కోతలుండాయని నేను పోయినాను. మామే పాలు తాగించినాడు. నేనొచ్చేతలికి కక్కుకోనుండాది. వొళ్ళంతా లేసింది. గొంతు మారిపోయిందమ్మా."

"పాపను మాట్లాడించు," అన్నాను.

ఫోను దగ్గరికి పెట్టారు. "అమ్మా" అన్న ఒక్క మాట వినిపించింది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. బొంగురుగా, లోపలెక్కడినుంచో వస్తోంది. దాని వెనక దగ్గు, ఆ దగ్గు వెనక ఊపిరి లాగేటప్పుడు వచ్చే సన్నని కూత. గొంతు లోపల వాపు మొదలైంది. గోడకు ఆనుకున్నాను.

"సూది తియ్యి. ఇప్పుడే వెయ్యి. ఆలోచించద్దు."

అవతల తాత గొంతు వినిపించింది. "దద్దుర్లేలేమ్మా. కంబళి కప్పి రుద్దినా. రోంతసేపటికి దిగిపోతాది." మా వైపు దద్దుర్లు లేస్తే గొర్రెబొచ్చు కంబళి కప్పి ఒళ్ళు రుద్దడం మామూలే. మా అమ్మ నాకూ చేసింది. దురదకు అది ఏం చేస్తుందో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం ఆ కంబళి కింద పాప ఒళ్ళు ఏ రంగుకు తిరుగుతోందో ఎవరికీ కనిపించడం లేదు.

"కంబళి తీసెయ్యండి పెద్దాయనా. పాపను పడుకోబెట్టండి. దాన్నే మడిచి కాళ్ళ కింద పెట్టండి. పెదాలు ఏ రంగులో ఉన్నాయి?"

కంబళి లాగేసిన చప్పుడు వినిపించింది. "నేరేడు పండు తిన్నట్టుండాయమ్మా," అన్నాడు. ఈసారి ఆయన గొంతులో మొండితనం లేదు.

"సూది వెయ్యమ్మా," అని అరిచాను. నా గది బయట కూర్చున్న తల్లులందరూ లేచి తలుపు దగ్గరికి వచ్చారు.

"చెయ్యి ఆడడం లేదమ్మా." ఆమె ఏడుస్తోంది. "టమోటాకైతే పొడిచినాను. ఇది నా బిడ్డ గదమ్మా."

ఎంతమంది తల్లులకు నేర్పించామో, ఎన్ని బుట్టల టమోటాలు పాడుచేశామో. నేర్పించాం కదా, వేస్తారులే అని ధైర్యంగా ఉన్నాం. అవసరం వచ్చినప్పుడు చెయ్యి ఆడకపోతే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. పుంగనూరుకు నేను పోయేసరికి అంతా అయిపోతుంది. ఫోను చెవికి పెట్టుకుని ఒక బిడ్డ పోవడం వినాల్సి వస్తుందని ఆ క్షణంలో నిజంగా అనుకున్నాను.

"ఇట్లియ్యి," అన్నాడు తాత. ఫోనుకు దగ్గరగా వచ్చాడు. "ఆవులకు నేనే ఏసుకుంటా సూదులు. సెప్పమ్మా. మెడకేనా?"

పశువులకు సూది మెడకే వేస్తారు. ఆయన చేతికి అదే అలవాటు. ఇంకాస్త భయం తక్కువైన మనిషైతే నన్ను అడక్కుండానే వేసేవాడు.

"మెడకు కాదు. మెడ జోలికి పోవద్దు. తొడ. తొడకు బయటి పక్క, నడిమధ్యన. గుడ్డ మీదనే వెయ్యండి, విప్పక్కర్లేదు. నిట్టనిలువుగా పొడిచి, మందంతా పోయేదాకా నొక్కండి."

"బయటి పక్క. నడిమధ్యన," అని ఆయన నా మాటే మళ్ళీ అన్నాడు. తర్వాత తల్లితో, "కాలు పట్టుకో. కదలనియ్యాకు," అన్నాడు.

ఆ తర్వాత ఫోను కింద పడినట్టుంది. ఏమీ వినపడలేదు. కాసేపటికి ఆవు అరిచింది, దానికి బదులుగా సన్నగా ఒక దూడ అరిచింది. ఇవతల లారీలు హారన్లు కొడుతున్నాయి. సిస్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఉంది, ఆమె గోళ్ళు దిగడం నాకు తర్వాత ఎర్రని గుర్తులు చూశాకే తెలిసింది. నేను దేవుణ్ణి తలుచుకునే మనిషిని కాదు. ఆ రోజు తలుచుకున్నాను.

అప్పుడు పాప ఏడ్చింది. మూలుగు కాదు, గుక్కపట్టి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. సూది నొప్పికి తాతను తిడుతూ ఏడ్చింది. అంత గట్టిగా ఏడవాలంటే గొంతులోంచి గాలి పోవాలి. నేను కుర్చీలో కూలబడి సిస్టరమ్మకు ఫోను ఇచ్చేశాను.

పాప తండ్రి వ్యాను తోటలోనే ఉంది. ఎక్కించిన టమోటా బాక్సుల్లో సగం దింపి, ఆ చోటులో పాపను పడుకోబెట్టి పుంగనూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. మేమిద్దరం మదనపల్లె నుంచి బయల్దేరాం. ఆ దారి నాకు తెలిసిన దారే, ఆ రోజు మాత్రం ఎంతకీ తరగలేదు. ఎదురుగా టమోటా లారీలు, మధ్యలో గొర్రెల మంద. ఒకసారి సూది పనిచేశాక మళ్ళీ తిరగబెట్టే పిల్లలుంటారు. ఆ సంగతి సిస్టరమ్మకూ తెలుసు. అందుకే ఫోను చేతిలోంచి దించలేదు.

పుంగనూరులో డ్యూటీ డాక్టరు మేము వచ్చేలోపే రెండో సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, చెయ్యాల్సిందంతా చేసి ఉంచాడు. పాప నిద్రపోతోంది. పెదవుల వాపు ఇంకా ఉంది, రంగు మామూలుకు వచ్చింది. జుట్టులోంచి పచ్చి టమోటా ఆకు వాసన వస్తోంది. నేను ఆ మంచం అంచు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

తాత బయట వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. సిస్టరమ్మ ఆయన పక్కనే కూర్చుంది. మాకందరికీ జవాబు తెలియాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. "పెద్దాయనా, ఈ పొద్దు ఏం పాలు పోసినారు?"

"మీరు సెప్పినంతే పోస్తినమ్మా. గీత దాటనీలేదు. ఎండలో పెట్టి, రెండుసార్లు సూసి పోస్తి."

"ఎంత పోసినారని అడగలేదు. ఏం పాలు?"

ఆయన కంబళి కొస వేళ్ళతో నలుపుతూ చెప్పాడు. "మా ఆవు ఈనింది గదమ్మా నిన్న మాపున. పెయ్యదూడ. తొలిపాలు ఊళ్ళో అందరిండ్లకూ పంపిస్తి. నా మనవరాలికి మాత్రం లేకపాయ గదా అనుకుంటి. ఆ ప్యాకెట్ నీళ్ళల్లో ఏం బలముంటాది. ఎట్లాగూ పాలు తాగుతాండాది గదా, ఆ గీతకే మన పాలు పోస్తే పోలా అనుకుంటి."

జున్నుపాలు. మా వైపు ఆవు ఈనితే జున్నుపాలు ఇంటింటికీ పంచడం ఆనవాయితీ. ఎవరింటికైనా పంపకపోతే వాళ్ళు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. అలాంటిది సొంత మనవరాలికే లేకుండా పోయిందని ఆయన బాధ. జున్నుపాలు పొయ్యి మీద పెడితే గడ్డకడతాయి. గడ్డకట్టేది వాటిలో ఉన్న మాంసకృత్తులు. పాప ఒంటికి పడనివి అవే. మామూలు పాలకంటే జున్నుపాలలో అవి ఎన్నో రెట్లు ఎక్కువ. గీత అదే గీత. ఆ గీత కింద ఉన్న పాలు, మేము ఇంకా ఎన్నో నెలలకు గానీ చేరని మోతాదు.

నాకు కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. అరవడానికి నోరు తెరిచాను కూడా. సిస్టరమ్మ నా కోటు పట్టి లాగి కళ్ళతోనే ఆయన చేతులు చూడమంది. సూది వేసేటప్పుడు నిలకడగా ఉన్న చెయ్యి ఇప్పుడు కంబళి కొసను పట్టుకోలేకపోతోంది. నేను నోరు మూసుకుని లోపలికి పోయాను.

ఇంటికి పంపేముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు. "ఆవును అమ్మేస్తానమ్మా. దూడను గూడా. ఇంట్లో పాలచుక్క లేకుండా సేస్తా." నేను సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. నిజం చెప్పాలంటే వాళ్ళు వైద్యం మానేస్తే బాగుండునని నా మనసులో ఉంది. అలాంటి ఫోను ఇంకొకటి నేను తట్టుకోలేను. కుప్పం పోయాక మా కుర్ర డాక్టరు ఒకతను, ఇంత మంచిగా వస్తున్న కేసు వదిలేస్తారా మేడమ్ అని అడిగాడు. నువ్వు ఆ ఫోను వినలేదు కదా నాయనా అన్నాను.

కొన్ని వారాలు పోయాక తల్లి ఒక్కతే కుప్పం వచ్చింది. మాట తక్కువని చెప్పాను కదా. ఆ రోజు నేనెదురుచూడనంత మాట్లాడింది.

"మామ ఆవును అమ్మే బేరం ఆడతాండాడు. నేనే వద్దన్నాను. మా ఇంట్లో పాలు లేకుండా సెయ్యొచ్చు. ఊర్లో లేకుండా ఎట్ల సేసేదమ్మా? రేపు బడికి పోతాది. ఏ పిల్లో చెయ్యి కడుక్కోకుండా పెరుగన్నం చేత్తో దీన్ని ముట్టుకుంటే? నేను యాడ యాడ కావిలి ఉండేది? మళ్ళా మొదలుపెట్టండి. మీకు భయంగా ఉండాదని తెలుసు. నాకూ భయమే."

నాకు భయంగా ఉందని ఒక రోగి తల్లి నా ముఖం మీద చెప్పడం అదే మొదటిసారి. కొంచెం రోషం వచ్చింది. మళ్ళీ చుక్కలో వంతు నుంచి మొదలుపెట్టాం. ఈసారి షరతు ఒకటి పెట్టాను. తాత వేపచెట్టు కింద కూర్చోకూడదు, ప్రతిసారి గదిలోకి రావాలి, అన్నీ వినాలి. ఆయన వచ్చాడు. విన్నాడు. ప్యాకెట్టును కంబళిలో దాచకుండా చేతిలో పట్టుకుని ఊరందరి ముందు నడిచి పోయేవాడట. సిస్టరమ్మ ఆయనచేత కూడా టమోటాలు పొడిపించింది. మెడ, తొడ తేడా లేదు కదా టమోటాకు, అని ఆమె అంటే కూడా ఆయన నవ్వలేదు.

ఆయన మనిషే మారిపోయాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. వచ్చినప్పుడల్లా సిస్టరమ్మ టీ తెప్పిస్తే, "నాకొద్దులేమ్మా," అని పక్కకు జరిపేవాడు. మొహమాటం అనుకున్నాం.

చివరి పరీక్ష రోజు వచ్చింది. పాప అప్పటికి బడికి పోతోంది, ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. ఆ రోజు కుప్పంలో మా కళ్ళముందు, మధ్యమధ్యలో ఆగుతూ, నిండు గ్లాసు పాలకు దగ్గరగా తాగాలి. తట్టుకుంటే ఇక రోజూ కాసిని పాలు తాగుతూ మామూలుగా బతకొచ్చు. నేను తాతకు ముందే చెప్పి పంపాను, ఈసారి మీ ఆవు పాలే కాచి తీసుకురండి, ఇంట్లో తాగాల్సినవి అవే కదా అని.

ఆయన స్టీలు క్యానుతో వచ్చాడు గానీ దాన్ని బల్ల మీద పెట్టడు. "ప్యాకెట్‌వే ఇయ్యమ్మా. అవే మేలు," అన్నాడు. పుంగనూరు ఆవు గురించి నాతో వాదించిన మనిషి ఇలా అనడం వినలేక నేను క్యాను ఆయన చేతిలోంచి తీసుకున్నాను. మూత తీసి పాలు గ్లాసులోకి వంచాను.

పాప తాగింది. ఆగాం. మళ్ళీ తాగింది. ఆగాం. గదిలో ఉన్న పెద్దవాళ్ళం అందరం ఆ పిల్ల ముఖమే చూస్తున్నాం. "యాల అందరూ నన్నే సూస్తాండారు?" అని అది విసుక్కుంది. మామూలు గొంతు. నేను ఆ గొంతులో బొంగురు కోసం చెవులు రిక్కించి వింటున్నాను.

మూడొంతులు అయ్యాక పాప మోచెయ్యి గోక్కుంది. అక్కడ ఎర్రగా ఒక దద్దురు లేచి ఉంది. ఎవరూ ఏమీ అనకముందే తాత లేచాడు. కంబళి మడతలోంచి చుట్టిన సూది తీసి పట్టుకుని పాప కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొడ బయటి పక్క, నడిమధ్యన చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. సిస్టరమ్మ వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ దద్దురును దగ్గరగా చూసింది.

"దోమ," అంది. "కుప్పం దోమ. కావాలంటే గోడ మీద సూడండి, కడుపు నిండా తాగి కూర్చోనుండాది."

తల్లి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను కిటికీ దగ్గరికి పోయి ఊపిరి తీసుకుని వచ్చాను. దోమ కుట్టిన చోటు తప్ప ఇంకెక్కడా ఏమీ లేవలేదు. చివరి మోతాదు కూడా అయిపోయింది. కావలసినదానికంటే ఒక గుక్క ఎక్కువే తాగింది. గ్లాసులో అడుగున కొంచెం మిగిలింది.

"నాకు చాలు. బాగలేవు," అంది పాప మూతి తుడుచుకుంటూ. అంతకాలం అందరం వణికిపోయింది ఈ బాగలేని పాల కోసమే. గ్లాసు తాత ముందు పెట్టింది. "నువ్వు తాగు తాతా."

ఆయన కదల్లేదు.

"ఆ పొద్దు నుంచీ మామ పాలు ముట్టలేదమ్మా," అంది తల్లి మెల్లగా. "పెరుగు లేదు, నెయ్యి లేదు. టీ గూడా తాగడు. పాప తాగిన పొద్దే తాగుతానని కూర్చోనుండాడు."

సిస్టరమ్మ తెప్పించిన ఆ టీలన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, తాగమంటావా అని అడుగుతున్నట్టు నా వైపు చూశాడు. నేను తలూపాను.

ఆయన నిదానంగా, ఆగి ఆగి తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా, అయిన తర్వాత కూడా చాలాసేపు, నేను ఆయన పెదవులనే చూస్తూ కూర్చున్నాను, వాస్తాయేమోనని.